కంప్యూటరుకు కుట్టిన కోటు

మనిషి వచ్చి ఎదుట నిలిచి, చేతులు చాచి, బిగబట్టిన ఊపిరి వదిలి, తన దేహపు కొలతలను మరొక మనిషి చేతికి నమ్మకంగా అప్పగించిన కాలం ఒకటి గడిచిపోయి, మానవజాతినంతటినీ చిన్న, నడిమి, పెద్ద అనే మూడు సంచులలోకి కుక్కి దుస్తులమ్మే కాలం దాని వెనుకనే వచ్చి, అదైనా నిలిచిందా అంటే నిలవక, కొనేవాడు గడప దాటకుండానే చొక్కా వానిని వెదుక్కుంటూ గుమ్మం ముందుకు వచ్చిపడే ఇంకొక కాలానికి చోటిచ్చి తొలగిపోగా, ఈ మూడు కాలాలనూ ఒకే కిటికీ వెనుక, ఒకే కుట్టుమిషను ముందు కూర్చుని, చేతిలోని కత్తెర దించకుండా చూసినవాడు ఆ వీధిలో ఒక్కడే మిగిలాడు; ఆయనను అందరూ గలీబుల మాస్టారు అంటారు.

ఒకప్పుడు ఆయన కోట్ల మాస్టారు. కోటు భుజం కుదరడం అనే విద్యలో ఆయనకు పేరుండేది. కోట్లు కుట్టించుకునేవారు తరిగిన కొద్దీ, ఊరకుండడం ఎరుగని ఆ చేతులు మనుషులను విడిచి వస్తువులను పట్టుకున్నాయి. దిండ్లకు గలీబులు, ఆఫీసు కుర్చీలకు తొడుగులు, వాద్యాలకు సంచులు, ఎవరు ఏది తెచ్చినా దానికి అంగీ సిద్ధమయ్యేది. ఇల్లాలు పోయిన తరువాత ఆ పని బయటివారికోసం కొంత, తనకోసం ఎంతో సాగింది. రెండు గదుల ఆ ఇంటిలో ఇప్పుడు ఒంటిమీద గుడ్డ లేని వస్తువు లేదు. కుట్టుమిషనుకు ముదురాకుపచ్చ ముసుగు. రేడియోకు చారల తొడుగు. టీ కెటిలుకు దూది కూరిన టోపీ. నిలువుటద్దానికి తెర. ఎవరూ కూర్చోని రెండవ కుర్చీకి, ప్రతి వారం ఉతికి ఇస్త్రీ చేసి తొడిగే తెల్లని తొడుగు.

పక్క వాటాలో ఉండే బస్సు డ్రైవరు ఒకనాడు టీ తాగుతూ చుట్టూ కలయజూసి, "మాస్టారూ, ఈ ఇంట్లో చలేసేది మీకొక్కరికే" అన్నాడు. మాస్టారు నవ్వారు. డ్రైవరు వెళ్లిపోయిన తరువాత ఆ మాట కాసేపు గదిలోనే కూర్చుంది.

ఆయన్ను పేరుతో గాక, చిన్ననాటి పిలుపుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు. ఆమె ఆయన అక్క. దూరాన మరొక ఊరిలో ఉంటుంది. బడిలో పాఠాలు చెప్పి, పిల్లల అల్లరి విని విని అరిగిపోయాయా అన్నట్లు, పెద్దతనంలో ఆమె చెవులు క్రమంగా మూతపడ్డాయి. చెవికి పెట్టుకుంటే ఫోను ఆమెకు కొయ్యముక్కతో సమానం. అయితే నలభై మంది పిల్లల గుసగుసలను దూరంనుంచే పెదాలమీద పట్టిన బడిపంతులమ్మ గనుక, మనిషి ముఖం ఎదుట ఉంటే చాలు, మాటను చూసి చదివేయగలదు. ఆయనకేమో చూపు మందగించింది. ఉన్నది బొత్తాల ఫోను; ఇతరుల చేతి ఫోనులో చూసినా ముఖాలు బియ్యపుగింజల్లా కనిపిస్తాయి. అందుచేత ఇల్లాలు ఉన్న రోజులలో కొన్న పెద్ద తెర కంప్యూటరు ఆ అక్కాతమ్ముళ్లకు వంతెన అయింది. మధ్యాహ్న భోజనం ముగించి, చేయి తుడుచుకుని, ఆయన దాని ముందు కూర్చునేవారు. ఆమె మాట ఆయనకు వినిపించేది; ఆయన మాట ఆమెకు కనిపించేది.

"తిన్నావురా చిన్నోడా?"

"తిన్నానక్కా."

"ఏం తిన్నావో చెప్పకు. నిన్నటిదే వేడిచేసుకున్నావని నీ ముఖమే చెబుతోంది. ఆ పెదాల మధ్య ఏమిటవి? గుండుసూదులా? తీసెయ్! నువ్వు మాట్లాడుతుంటే ముళ్ళకంప చదువుతున్నట్టుంది."

ఆయన సూదులు తీసి పక్కన పెట్టేవారు.

"మీసం కూడా కత్తిరించు. సగం మాటలు ఆ పొదలోనే దాక్కుంటున్నాయి."

యౌవనంనుంచి పెంచిన ఆ మీసాన్ని ఆయన మరునాడే కత్తిరించారు. వీధిలో అందరూ ఎందుకని అడిగారు. ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉండగా, మాట్లాడుకునే ఆ ప్రోగ్రాము పాత సిస్టమ్ మీద ఇక పనిచేయదని తెరమీద ఒక నోటీసు వచ్చింది. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఒకటుంది. దానిని నడిపే ఆమెను అందరూ స్క్రూడ్రైవరమ్మ అంటారు. ఆమె వచ్చి, బల్ల కింద ఉన్న సీపీయూ పెట్టెను దుకాణానికి తీసుకువెళ్లి, మూత తెరిచి, ముక్కుమీద వేలు వేసుకుంది.

"ఏమిటి మాస్టారూ ఇది! పత్తికాయ పగిలినట్టుందే! మీ దారాల పీచంతా దీని కడుపులోనే ఉంది. ఇన్నాళ్ళు ఎలా బతికిందో!"

ఆమె దానిని ఊది, తుడిచి, కొత్త సిస్టమ్ వేసి ఇచ్చింది. ఇస్తూ, "కొత్త సిస్టమ్ జాగ్రత్త కోరుతుంది. దీనిమీద దుమ్ము మాత్రం పడనివ్వకండి. దుమ్మే దీనికి యముడు" అని హెచ్చరించింది.

ఆ మాట మరొకరితో అని ఉంటే, వారు వారానికోసారి గుడ్డతో తుడిచి ఊరుకునేవారు. గలీబుల మాస్టారితో అన్నది. ఇంటిలో అన్నింటికీ తొడుగులు కుట్టి, బల్ల కింద ఉన్నది గనుక కంటపడని ఈ ఒక్కదానిని దిగంబరంగా విడిచినందుకు ఆయన నొచ్చుకున్నారు. టేపు తీసి పెట్టెకు పొడవు, వెడల్పు, లోతు కొలిచారు. తగిన గుడ్డకోసం బీరువా తెరిచారు. అక్కడ పై అరలో, పాత దుప్పటిలో చుట్టి, నీలం ఉన్నిగుడ్డ ఉంది.

ఆ గుడ్డను అక్క పంపింది, మరదలికి కోటు కుట్టమని. ఇల్లాలు చలికి ఓర్వలేని మనిషి. అయినా కోటు సంగతి వచ్చినప్పుడల్లా, "ముందు వాళ్ళవి కుట్టివ్వండి, పాపం ఎదురు చూస్తున్నారు. నాదెక్కడికి పోతుంది?" అని తన వంతును తానే వెనక్కు జరిపేది. చివరకు ఒకనాడు ఆయన పట్టుబట్టి నిలబెట్టి కొలతలు తీసి, సుద్దగీతలు గీసి, గుడ్డ కత్తిరించారు. వీపు, ముందరి రెండు పాళ్లు, రెండు చేతులు. ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. వంతు వచ్చేసరికి ఆమె లేదు. దేహం వస్త్రమనీ, జీవుడు దానిని విడిచి మరొకటి ధరిస్తాడనీ పెద్దలు చెప్పే మాట వినని దర్జీ ఉండడు. వస్త్రం కత్తిరించి సిద్ధంగా ఉండగా ధరించవలసిన జీవుడే వెళ్లిపోతే, మిగిలిన ఆ ముక్కలను ఏం చేయాలన్నది మాత్రం ఆ మాటలో ఎక్కడా లేదు. ఒకరి కొలతకు కత్తిరించిన గుడ్డ మరొకరికి పనికిరాదు. పారవేయడానికి చేయి రాదు. ఆయన దానిని దుప్పటిలో చుట్టి పై అరలో పెట్టారు. ఆనాటినుంచి ఇల్లాలి మాట ఎవరెత్తినా దారం తెగిందనో, ఇస్త్రీ మాడుతోందనో లేచి వెళ్లిపోతూ వచ్చారు.

ఇప్పుడు ఆ ముక్కలను కిందికి దించారు. వీపు ముక్క పెట్టె వెనుకకూ పైకీ, ముందరి పాళ్లు రెండు పక్కలకూ సరిపోయాయి. లోపల మెత్తని లైనింగు వేశారు. ఎదుట నాలుగు నల్లని గుండీలు. మీట నొక్కడానికి వీలుగా ఒక కాజా, దాని అంచు చేతితో కుట్టినది. వెనుక తీగలు బయటికి వచ్చే చోట సన్నని చీలిక. దుమ్మే కాదు, దీర్ఘశ్వాస కూడా దూరని పనితనం. చేతుల ముక్కలు రెండూ మిగిలితే, వాటిని మడిచి తిరిగి అరలోనే పెట్టారు. చాలా కాలం తరువాత ఆ సాయంత్రం ఆయన మనసు తేలికపడింది. కుట్టవలసిన కోటు ఒకటి కుట్టినట్లే అనిపించింది.

మరునాడు మధ్యాహ్నం అక్క తెరమీదికి వచ్చింది. అన్నం సంగతి అడిగింది. తన మోకాళ్ల సంగతి చెప్పింది. ఎదురింటివారి కుక్క తనను చూసి మొరుగుతుందట. వినిపించదు గనుక తాను నవ్వుతూ పోతుందట. ఆ కుక్క అవమానం భరించలేక చిక్కిపోతోందట. మాస్టారు నవ్వారు. అప్పుడామె కళ్లజోడు సవరించుకుంది.

"ఒరే చిన్నోడా, చలికాలం వస్తోంది కదా, గుర్తొచ్చింది. మరదలి కోటుకని నీలం ఉన్నిగుడ్డ పంపాను. అదేమయిందిరా?"

తెర నల్లబడింది.

ఆయన కదలకుండా కూర్చున్నారు. మీట నొక్కితే పలకలేదు. ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ నొక్కితే లేచింది. అప్పటికి అక్క వెళ్లిపోయింది. కొత్త సిస్టమ్ కదా, అలవాటు పడాలి కాబోలు అనుకున్నారు.

మరునాడూ అంతే. అన్నం, మోకాళ్లు, కుక్క. "నిన్న మధ్యలో పోయావు. ఆ నీలం గుడ్డ సంగతి అడిగాను." తెర నల్లబడింది. ఆపై రోజు ఆమె ఉపోద్ఘాతం తగ్గించి, నిదానంగా, బడిలో మొండిపిల్లవానితో మాట్లాడినట్లు అడిగింది: "నువ్వు మరదలి మాటే ఎత్తవు. నేనెత్తినా వినవు. దానికి అక్కలాంటిదాన్ని కదరా నేను కూడా. గుడ్డ ఏమయిందో చెప్పడానికేం?" ఆయన నోరు తెరిచారు. ఏం చెప్పబోయారో ఆయనకే తెలియదు. యంత్రం ముందుగా నోరు మూసుకుంది. తెర నల్లబడిన ఆ క్షణంలో, ఎదలో ఏదో మూల, హమ్మయ్య అన్నట్లయింది. అది తెలిసి ఆయన సిగ్గుపడ్డారు.

పెట్టెను దుకాణానికి మోసుకుపోవలసి వచ్చింది. బయలుదేరేముందు కోటు గుండీలు విప్పి, మడత చెదరకుండా కుర్చీమీద పెట్టారు. దుకాణంలో స్క్రూడ్రైవరమ్మ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా యంత్రాన్ని నడిపించింది. సినిమా పెట్టింది. ఒకేసారి పది పనులు చెప్పింది. అది తలవంచుకుని అన్నీ చేసింది.

"బంగారంలా ఉంది మాస్టారూ! అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఎంత బుద్ధిగా ఉందో చూడండి."

"ఇంట్లో అలా లేదమ్మా. మాట మధ్యలో ఆరిపోతోంది."

"అయితే కొత్త సిస్టమ్‌కీ, మీ పాత పెట్టెకీ ఎక్కడో పొసగడం లేదు. మళ్ళీ మొదట్నుంచి వేస్తాను."

మళ్లీ వేసింది. ఇంటికి తెచ్చారు, తుడిచారు, కోటు తొడిగారు, గుండీలు పెట్టారు. మధ్యాహ్నం కుక్క దాకా వచ్చేసరికి ఆరిపోయింది. మరల మోసుకుపోయారు. ఆమె ర్యామ్ మార్చింది. పెట్టెను చేసిన కంపెనీని, కొత్త సిస్టమ్ తయారుచేసిన వాళ్లను, వాళ్ల ముందు తరాలను కూడా మర్యాదకు లోటు రాకుండా తిట్టింది. అక్కడ బాగుంది. ఇంటికి వచ్చి, కోటు తొడుక్కుని, మళ్లీ ఆరిపోయింది.

దారిలో ఎదురైన బస్సు డ్రైవరు పెట్టెను తాను అందుకుని, "ఈ పెట్టెకు నెలవారీ పాసు ఇప్పిస్తాను మాస్టారూ, రోజూ అటూ ఇటూ తిరుగుతోంది" అన్నాడు. ఇంటికి వచ్చాక, మాస్టారి బొత్తాల ఫోనులో ఏదో సందేశం వెలిగింది. ఆ అక్షరాలు ఆయన కంటికి ఆనవు. "కాస్త చదివి పెట్టండి" అని ఆయనే చేతికిచ్చారు. డ్రైవరు బస్సులో స్టాపు పేరు కేకవేసే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"'చిన్నోడా, చెప్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. అడిగినప్పుడల్లా ముఖం మీద తలుపు వేయకు. చిన్నప్పుడూ అంతే, అలిగితే గోడవైపు తిరిగేవాడివి...'" ఇక్కడినుంచి గొంతు తగ్గింది. "'ఇక నేను పిలవను. చెప్పాలనిపించిన రోజు నువ్వే పిలువు.'" డ్రైవరు ఫోను బల్లమీద పెట్టాడు. "ఇది నేను చదవాల్సింది కాదేమో మాస్టారూ."

"చదివేశారుగా."

"మర్చిపోతాలెండి. బస్సులో రోజూ వినేవన్నీ మర్చిపోయేవాణ్ణే. జవాబు కొట్టమంటారా? కంప్యూటర్ పాడైందని?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "అలిగినవాడు చెప్పే సాకు కూడా అదేగా. ముఖం చూపించి చెప్పాలి. మధ్యలో మాయమవకుండా."

డ్రైవరు వెళ్లాడు. ఆ తరువాతి మధ్యాహ్నాలు పొడుగయ్యాయి. మనిషి ఒంటరితనం పగటిపూటనే ఎక్కువ కనబడుతుంది. వీధిలో అందరికీ ఎక్కడికో వెళ్లే పని ఉంటుంది. ఎండ మాత్రం కిటికీలోంచి వచ్చి, తెల్లతొడుగు వేసుకున్న ఖాళీ కుర్చీలో కూర్చుని, దానికి కూడా చెప్పేది ఏమీ లేక లేచిపోతుంది. మాస్టారు చేయి తుడుచుకుని అలవాటుగా తెర ముందుకు వచ్చేవారు. పిలిస్తే అక్క పలుకుతుందని తెలుసు. పిలిచి, ఆమె అడిగి, తాను నోరు తెరవబోయేసరికి ఆరిపోతే, ఈసారి ఆ తలుపు వేసింది యంత్రమని ఆమె నమ్మదనీ తెలుసు. ఉన్న ఒక్క పిలుపూ ఆ నల్లని తెరలో పడి పోతుంది.

ఒకనాడాయన ఒక ఉపాయం చేశారు. ఎవరినీ పిలవకుండా, కెమేరాలో తన ముఖమే తనకు కనబడే ఏర్పాటు ఒకటి ఉంటే, అది తెరిచి కూర్చున్నారు. పెదాల మధ్యనుంచి సూదులు తీశారు. ఎదుట మీసం లేని ముసలివాడొకడు తన వంకే చూస్తున్నాడు.

"తిన్నావా?" అని అడిగారు. "తిన్నాను" అని చెప్పుకున్నారు. మోకాళ్ల సంగతి, వీధి సంగతి, డ్రైవరు చెప్పిన పాసు సంగతి చెప్పుకుంటూ పోయారు. ఎదుటివాడు ప్రతి మాటకూ పెదవి కదిపాడు. వాడు ఏదీ అడగలేదు. ఇంతలో, ఎవరూ నీలం గుడ్డ ఊసెత్తకుండానే, తెర నల్లబడింది.

ఆయన చాలాసేపు ఆ నల్లదనంలోకి చూశారు. తనకు తెలియకుండానే తాను నమ్ముతూ వచ్చినది ఒకటి ఆనాడు తొలగింది. ఈ యంత్రం తన పక్షాన నిలిచి ఆ ప్రశ్నను అడ్డుకుంటున్నదేమో అని మనసులో ఒక వెర్రి ఊహ ఉండేది. అదేమీ లేదు. దానికి తన దుఃఖం తెలియదు. దానికేదో దాని బాధ ఉంది.

మరునాడు దుకాణానికి ఉత్తచేతులతో వెళ్లారు. "అమ్మా, అది ఎవరూ ఏమీ అడక్కపోయినా ఆరిపోతోంది."

"ఏమడగాలి మాస్టారూ దాన్ని?" అని ఆమె తెల్లబోయింది. ఆయన ముఖం చూసి మరి నవ్వలేదు. "నేనే వస్తాను పదండి. నా దగ్గర ఆరిపోవడం లేదంటే రోగం పెట్టెలో లేదు, ఇంట్లో ఉంది. ప్లగ్గో, వైరో, ఏదో ఒకటి."

వచ్చి ప్లగ్గు చూసింది, బాగుంది. తీగ చూసింది, బాగుంది. "ఆన్ చేసి ఆ మాట్లాడేదేదో తెరవండి" అని, తాను బల్ల కిందికి వంగింది. కొంతసేపటికి కింద నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మాస్టారూ, సీపీయూ ఎక్కడ?"

"నీ ఎదుటే ఉందమ్మా."

"ఇక్కడేదో కోటుంది."

"అదే."

తరువాత బల్ల అడుగు ఆమె తలకు తగిలిన చప్పుడు, ఆ వెనుకనే నవ్వు. ఆమె నేలమీద కూర్చుని, కన్నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "గుండీలు కూడానా! కాజా కూడానా! జేబు ఒక్కటి మరిచారు మాస్టారూ, రుమాలు పెట్టుకోవడానికి..." నవ్వుతూనే కోటు మీద చేయి వేసి, చటుక్కున తీసేసింది. "అమ్మో, జ్వరం వచ్చినవాళ్ళ ఒళ్ళులా కాలిపోతోంది!"

అంతలో తెర నల్లబడింది.

"చూశారా? దీనికి వెనకా పక్కలా ఊపిరి పీల్చే కన్నాలుంటాయి. లోపలి వేడి వాటిలోంచి బయటికి పోవాలి. మీరు వాటిమీద ఉన్ని వేశారు, దాని కింద లైనింగు వేశారు. గాలి పోయే సందే లేదు."

"సందు ఉండకూడదనే కుట్టానమ్మా."

"మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే ఆరిపోతుంది. కొత్త సిస్టమ్‌కి పనెక్కువ, వేడీ ఎక్కువే. అందులో ముఖాలు చూపిస్తూ మాట్లాడటమంటే మరీను. అది వేసిన రోజే మీరూ కోటు తొడిగినట్టున్నారు. నేను రోజూ సిస్టమ్‌ని తిట్టాను, కోటు సంగతి నాకెలా తెలుస్తుంది? నా దుకాణానికి ఒక్కసారీ కోటుతో రాలేదే ఇది!"

"మరమ్మతుకు పోయేటప్పుడు మంచి కోటు ఎవరైనా తొడుక్కుపోతారా? మాసిపోదూ?"

ఆమె మళ్లీ నవ్వబోయి, ఆయన కోటు గుండీలు విప్పుతున్న తీరు చూసి ఆగింది. నిద్రపోతున్న మనిషి ఒంటిమీదినుంచి తీస్తున్నట్లు, ఒక్కొక్క గుండీ తీస్తున్నారాయన. ఆ నీలం ఉన్ని ఎవరి కొలతకు కత్తిరించినదో ఆమెకు తెలియదు. అడగనూ లేదు. "దుమ్ము పడనివ్వద్దని నేనే అన్నాను" అని మాత్రం మెల్లగా అంది. "కింద రెండు ఇటుకలు పెట్టి, వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి. అంతకంటే దానికేమీ వద్దు." చేసిన పనికి ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆయన అక్కను పిలిచారు.

ఆమె తెరమీదికి వచ్చింది గాని పలకరించలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది, జవాబు తానుగా చెప్పేదాకా కదలనని భీష్మించుకున్న పంతులమ్మలాగా. బల్ల కింద పెట్టె ఒంటిమీద ఏమీ లేకుండా, సన్నగా రొద చేస్తూ, నిరాటంకంగా నడుస్తోంది. అన్నం సంగతి లేదు, మోకాళ్లు లేవు, కుక్క లేదు. ఎంతసేపైనా తెర ఆరలేదు. ఇక ఆయనను తప్పించేవారు ఎవరూ లేరు.

ఆయన ఒడిలోని కోటును పైకెత్తి, కెమేరా ముందు పట్టుకున్నారు.

అక్క కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. "ఇదేమిటి? చేతుల్లేవు. మెడ లేదు. పెట్టెలా ఉంది." ఆమె ఆగింది. "చిన్నోడా... కంప్యూటర్‌కి తొడిగావా?"

"తొడిగాను. దానివల్లే ఊపిరాడక ఆరిపోయింది. నేను తలుపు వేయలేదక్కా. ఒట్టు. అంటే... ఆరిపోయినందుకు నేను బాధపడలేదు, అది నిజం. కానీ వేసింది నేను కాదు."

"మెల్లగా. పెదాలు వణుకుతుంటే చదవలేను."

ఆయన ఊపిరి తీసుకున్నారు. "కత్తిరించాను అక్కా. కొలతలు తీసి కత్తిరించాను. మెడ దగ్గర టేపు పెడితే మీ చేతులు చల్లగా ఉన్నాయని నవ్వింది. వాళ్ళది అయ్యాక నాది అంది. ఎవరిదో పెళ్ళి కోటు. అది అయ్యేలోపల..." మాట ఆగింది. ఆగినా తెర ఆగలేదు. అక్క ముఖం అక్కడే ఉంది, కళ్లార్పకుండా ఆయన పెదాల వంకే చూస్తూ. "కత్తిరించిన గుడ్డ. ఎవరికి సరిపోతుంది? ఊరికే పడి ఉంటే చూడలేకపోయాను. ఏదో ఒకదానికి తొడిగితే..."

"వెచ్చగా ఉంటుందనుకున్నావు."

"ఊఁ."

అక్క కొంగుతో కాదు, చేతి వెనుకవైపుతో ముక్కు తుడుచుకుంది. చాలాసేపటికి ఆమె గొంతు మళ్లీ బడిగొంతయింది.

"విప్పు దాన్ని. కుట్లన్నీ విప్పు. నాకు కుట్టు."

"నీకు సరిపోదక్కా."

"ఎందుకు సరిపోదు? లావయ్యానని నోరారా చెప్పు, చదువుకుంటాను."

"లావయ్యావు."

"నువ్వు మాస్టరువా, గలీబులవాడివా? మరదలి కొలతకూ నా కొలతకూ తేడా ఎంతుంటే అంత గుడ్డ అతుకు. టేపు తెచ్చుకుంటాను, ఉండు."

ఆమె టేపు తెచ్చుకుంది. ఆయన చెబుతుంటే చూసి కొలుచుకుంది. "ఊపిరి బిగబట్టకక్కా, కొలత దొంగది వస్తుంది." "బిగబట్టలేదు, ఇదే నా ఊపిరి." "టేపు తిరగేసి పట్టుకున్నావు." "మరి ముందే చెప్పవేం? సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నావా?" ఇలా తగాదాపడుతూ భుజం, ఛాతీ, చేయి పొడవు తీసుకునేసరికి ఎండ కుర్చీలోంచి లేచి గోడ ఎక్కింది. బీరువా పై అరలో మిగిలిపోయిన రెండు చేతుల ముక్కలు కిందికి దిగాయి.

కోటు విప్పడం కుట్టడం కంటే కష్టం. తన చేతికుట్టును తానే, పోగు తెగకుండా, గుడ్డకు గాయం కాకుండా లాగాలి. అక్క అడిగిన మీదట ఆయన కుట్టుమిషనును లోపలిగదిలోకి, తెర ఎదుటికి జరుపుకున్నారు. మధ్యాహ్నాలలో ఆయన కుడుతూ ఉంటే ఆమె చూస్తూ ఉంటుంది. తల వంచిన మనిషి పెదాలు కనబడవు గనుక ఆ సమయంలో మాటలుండవు. మిషను చప్పుడు ఆమెకు వినిపించదు. ఆమె దూరాన గ్లాసు కింద పెట్టిన చప్పుడు మాత్రం ఆయనకు వినిపిస్తుంది. చంక కింద, ఎవరికీ కనబడని చోట, వేరే నీలం గుడ్డ అతికారు; ఎంత వెదికినా ఆ నీలం, ఈ నీలం ఒక్కటి కాలేదు. ఆమె లేచి వెళ్లిన తరువాత తెరమీద ఆయన ముఖమొకటే మిగులుతుంది. అప్పుడాయన మీట నొక్కి ఆర్పి, వంగి, ఇటుకలమీద ఉన్న పెట్టెను పొడిగుడ్డతో తుడిచి, ఒంటిమీద ఏమీ కప్పకుండా అలాగే విడిచి, లేస్తారు. రెండవ కుర్చీ తొడుగు ఇంకా ఉతుకుతూనే ఉన్నారు.

సమస్త జీవులకూ దేహమనే అంగీని కొలిచి తొడిగిన ఆ పరమాత్మ, ఈ దర్జీ కంటికి చూపునూ, చేతికి నిలకడనూ చిరకాలం నిలుపుగాక. దూరాన ఆ అక్క ఒంటిమీద నీలం కోటు కుదిరి, అతుకు తెలియకుండుగాక. ఆ రెండు గదుల ఇంటిలో ఖాళీ కుర్చీ ఎదుట కూర్చునే మనిషికి, అడిగేవారొకరు, చెప్పుకోగల మాటొకటి, ప్రతి మధ్యాహ్నమూ కలుగుగాక. పిలిచిన పిలుపు నడుమ తెగకుండా, ఆ గడప పచ్చగా, ఆ దీపం నిండుగా, నూరేళ్లు వెలుగుగాక.